ఆఫ్రికా సఫారీ సేఫేనా? పార్కు లోపల కంటే పార్కుకు వెళ్లే దారిలోనే అసలు రిస్క్!

ఆఫ్రికా సఫారీ.. చాలామందికి జీవితంలో ఒక్కసారైనా చూడాలనుకునే కల. కెన్యాలో మసాయి మారా, టాంజానియాలో సెరెంగెటి, దక్షిణాఫ్రికాలో క్రూగర్ పేర్లు ఇప్పుడు తెలుగు వాళ్లకూ బాగా పరిచయమే. రాజమౌళి, మహేశ్ బాబు సినిమా షూటింగ్ 2025లో కెన్యాలో జరగడంతో ఆ దేశం పేరు మన దగ్గర ఇంకాస్త ఎక్కువగా వినిపించింది. అయితే టికెట్లు బుక్ చేసే ముందు ఇంట్లో పెద్దవాళ్లు అడిగే మొదటి ప్రశ్న మాత్రం మారలేదు. "అక్కడ దోపిడీలు, కిడ్నాపులు ఎక్కువట కదా.. పిల్లలతో వెళ్లడం అవసరమా?"

ఈ భయాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. అలాగని మొత్తం నిజమనీ అనలేం. ఇప్పటివరకు జరిగిన ఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. సఫారీ పార్కుల లోపల టూరిస్టులపై హింసాత్మక నేరాలు చాలా అరుదు. ప్రమాదం ఎక్కువగా ఉండేది మూడు చోట్ల. విమానం దిగిన పెద్ద నగరం, అక్కడి నుంచి పార్కు గేటు దాకా ఉన్న రోడ్డు, సాయుధ ముఠాలు తిరిగే దేశ సరిహద్దు.

ముఖ్యాంశాలు

* పార్కు లోపల నేరాలు తక్కువ. నగరాల్లో, దారుల్లో ఎక్కువ
* ఆఫ్రికా అంతా ఒకటి కాదు. ఒకే దేశంలో కూడా ఒక్కో ప్రాంతం ఒక్కోలా ఉంటుంది
* ఉగాండా, కాంగో సరిహద్దు పార్కుల విషయంలో అదనపు జాగ్రత్త తప్పనిసరి
* రాత్రి ప్రయాణం మానుకుంటే రిస్క్ చాలావరకు తగ్గుతుంది

పార్కు లోపల నేరాలు ఎందుకు తక్కువ?

కారణాలు సింపుల్. ముందుగా, పార్కుల్లోకి ఎవరు పడితే వాళ్లు వెళ్లలేరు. గేటు దగ్గర ఎంట్రీ ఫీజు కట్టాలి. వాహనం నంబర్, లోపలికి వెళ్లేవారి వివరాలు రాసుకుంటారు. క్రూగర్ లాంటి చోట సాయంత్రం గేట్లు మూసేస్తారు. ఆ టైమ్ దాటాక సొంత వాహనాల్లో లోపల తిరగడానికి వీల్లేదు. దొంగతనం చేసి పారిపోవాలన్నా వందల కిలోమీటర్ల అడవి, కొద్దిపాటి దారులు, ఆ దారుల్లో సింహాలు, ఏనుగులు!

రెండోది, ఆయుధాలున్న రేంజర్లు. ఖడ్గమృగాల కొమ్ములు, ఏనుగు దంతాల కోసం వచ్చే వేటగాళ్లను అడ్డుకోవడానికి ఈ పార్కుల్లో నిత్యం గస్తీ ఉంటుంది. బోట్స్వానాలో అయితే ఈ పనిలో సైన్యం కూడా పాల్గొంటుంది. వేటగాళ్ల కోసం పెట్టిన ఆ నిఘా టూరిస్టులకూ రక్షణగా మారింది.

మూడోది, ఒంటరిగా ఉండే అవకాశం తక్కువ. కెన్యా, టాంజానియాల్లో ఎక్కువ మంది డ్రైవర్-గైడ్‌తోనే తిరుగుతారు. వాహనాల మధ్య రేడియోలో మాటలు నడుస్తూనే ఉంటాయి. ఏ చెట్టు కింద చిరుతపులి ఉందో చెప్పుకోవడానికి వాడే ఆ రేడియోనే, ఏదైనా తేడా జరిగితే సాయం పిలవడానికీ పనికొస్తుంది. క్యాంపుల్లో రాత్రిపూట కాపలా ఉంటుంది. చీకటి పడ్డాక టెంట్ నుంచి భోజనానికి వెళ్లాలన్నా చాలాచోట్ల గార్డు వెంట వస్తాడు.

అన్నిటికీ మించి డబ్బు. ఈ దేశాలకు పర్యాటకం విదేశీ మారకం తెచ్చిపెట్టే ప్రధాన వనరుల్లో ఒకటి. ఒక్క ఘటన జరిగినా బుకింగ్‌లు పడిపోతాయి. 2014 మే నెలలో కెన్యా తీరంలోని మొంబాసా విషయంలో బ్రిటన్ హెచ్చరిక జారీ చేయగానే అక్కడి టూర్ కంపెనీలు వందలాది మంది పర్యాటకులను విమానాల్లో వెనక్కి తీసుకెళ్లిపోయాయి. ఆ దెబ్బకు తీరంలో హోటళ్లు మూతపడి, వేలమంది ఉపాధి కోల్పోయారు. అందుకే టూరిస్టుల జోలికి ఎవరూ రాకుండా చూడటం ప్రభుత్వంతో పాటు స్థానికులకూ అవసరమే.

మరి గతంలో ఏం జరిగింది?

పరిస్థితి ఎప్పుడూ ఇలాగే లేదు. 1970, 80ల్లో కెన్యా పార్కులు ఆటోమేటిక్ తుపాకులున్న వేట ముఠాల చేతుల్లోకి వెళ్లాయి. 1970ల మొదట్లో లక్షన్నరకు పైగా ఉన్న కెన్యా ఏనుగులు 1980ల చివరికి 20 వేల స్థాయికి పడిపోయాయి. ఆ ముఠాలు మనుషులనూ వదల్లేదు. సింహాల సంరక్షకుడిగా ప్రపంచానికి తెలిసిన జార్జ్ ఆడమ్సన్‌ను 1989 ఆగస్టు 20న కోరా ప్రాంతంలో బందిపోట్లు కాల్చి చంపారు. దాడికి గురైన ఓ అతిథిని కాపాడేందుకు వెళ్లిన ఆయన తన ఇద్దరు సహాయకులతో సహా ప్రాణాలు కోల్పోయారు.

అంతకు ముందు ఏడాది, 1988 సెప్టెంబరులో, మసాయి మారాలో ఒంటరిగా డ్రైవ్ చేసుకుంటూ బయల్దేరిన 28 ఏళ్ల బ్రిటన్ యువతి హత్యకు గురైంది. అడవి జంతువులే చంపి ఉంటాయని అధికారులు మొదట చెప్పుకొచ్చారు. తండ్రి పట్టుబట్టి సొంతంగా ఆధారాలు సేకరించాకే అది హత్య అని తేలింది. పార్కులో పనిచేసిన వాళ్లపైనే కేసులు నడిచినా, కోర్టులో అందరూ నిర్దోషులుగా బయటపడ్డారు. ఆ కేసు ఇప్పటికీ ఓ ముడి వీడని చిక్కే.

1989లోనే కెన్యా వన్యప్రాణి విభాగం బాధ్యతలు రిచర్డ్ లీకీ చేతికి వచ్చాయి. రేంజర్లకు మెరుగైన ఆయుధాలు, వాహనాలు ఇచ్చారు. వేటగాళ్లపై కఠినంగా వ్యవహరించారు. అదే ఏడాది అంతర్జాతీయంగా దంతాల వ్యాపారంపై నిషేధానికి నిర్ణయం జరిగింది. ఈ రోజు టూరిస్టులు చూసే భద్రతకు పునాది పడింది అప్పుడే.

క్రూగర్: గేటుకు కాస్త ఇవతల కాల్పులు

దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్క్ విస్తీర్ణం దాదాపు 20 వేల చదరపు కిలోమీటర్లు. ఇక్కడ కారు అద్దెకు తీసుకుని సొంతంగా తిరగొచ్చు. అందుకే కుటుంబంతో వెళ్లేవాళ్లు దీన్ని ఎక్కువగా ఇష్టపడతారు. 2022 అక్టోబరు 3న నలుగురు జర్మన్ టూరిస్టులు ఇలాగే కారులో తమ లాడ్జికి వెళ్తున్నారు. నుంబి గేటుకు వెళ్లే రోడ్డుపై సాయుధులు అడ్డగించి డోర్లు తెరవమన్నారు. డ్రైవింగ్ సీట్లో ఉన్న వ్యక్తి డోర్లు లాక్ చేయడంతో కిటికీలోంచి కాల్పులు జరిపారు. ఆయన అక్కడికక్కడే మరణించారు.

గమనించాల్సిన విషయం ఏంటంటే, ఈ ఘటన పార్కు లోపల జరగలేదు. అర్ధరాత్రీ కాదు, సాయంత్రం వేళ. గేటు బయట ఉన్న ఆ రోడ్డు జనావాసాల మధ్య నుంచి వెళ్తుంది. నిరుద్యోగం తీవ్రంగా ఉన్న ప్రాంతం అది. ఈ ఘటన తర్వాత విదేశీ ప్రభుత్వాల హెచ్చరికల్లో నుంబి గేటు పేరు ప్రత్యేకంగా చేరింది. క్రూగర్‌కు ఇంకా చాలా గేట్లు ఉన్నాయి. దగ్గర్లోనే ఫబేని గేటు ఉంది. అందుకే జీపీఎస్ చూపించిన దగ్గరి దారిలో వెళ్లిపోకుండా, ఏ గేటు నుంచి రావాలో లాడ్జి వాళ్లనే అడిగి తెలుసుకోవడం మంచిది.

దేశం మొత్తంగా చూస్తే దక్షిణాఫ్రికాలో నేరాల స్థాయి ఎక్కువే. 2022-23లో అక్కడ 27 వేలకు పైగా హత్యలు నమోదయ్యాయి. 2022లో ఎన్‌సీఆర్‌బీ లెక్కల ప్రకారం మన దేశంలో నమోదైన హత్యలు 28 వేల పైచిలుకు. దాదాపు సమానంగా కనిపిస్తున్నాయి కదా? కానీ మన జనాభా 140 కోట్లు, వాళ్లది సుమారు 6 కోట్లు! లక్ష మందికి లెక్కేస్తే అక్కడ 45 వరకు, ఇక్కడ రెండు. అయితే ఆ హత్యల్లో చాలావరకు పెద్ద నగరాల చుట్టూ ఉన్న పేద కాలనీల్లో, స్థానికుల మధ్య జరిగేవే. సఫారీ పార్కుల్లో జరిగేవి కావు.

నగరాల్లోనే ఎక్కువ జాగ్రత్త

సఫారీకి వెళ్లేవాళ్లు ఒకటి రెండు రాత్రులు నగరంలో గడపక తప్పదు. జొహానెస్‌బర్గ్‌లో విమానాశ్రయం నుంచి వెంబడించి హోటల్ దగ్గరో, దారిలోనో దోచుకున్న ఘటనలు ఉన్నాయి. సిగ్నల్ దగ్గర కారు ఆగితే అద్దం పగలగొట్టి బ్యాగ్ లాక్కెళ్లడం అక్కడ మామూలు. పోలీసుల్లా వేషం వేసుకుని బండి ఆపే ముఠాలూ ఉన్నాయి.

టాంజానియాలోని దార్ ఎస్ సలాం, అరుషాల్లో మరో తరహా మోసం ఉంది. అనుమతి లేని ట్యాక్సీ ఎక్కించుకుని, కాస్త దూరం వెళ్లాక మరికొందరు ఎక్కుతారు. బెదిరించి ఏటీఎంల చుట్టూ తిప్పి కార్డులోని డబ్బంతా డ్రా చేయిస్తారు. నైరోబీలో ఫోన్లు, బ్యాగులు లాక్కెళ్లడం, బార్లలో డ్రింక్‌లో మత్తు కలిపి దోచుకోవడం ఎక్కువ.

ఉగ్రదాడుల చరిత్ర కూడా నైరోబీకి ఉంది. 2013 సెప్టెంబరు 21న వెస్ట్‌గేట్ మాల్‌పై సోమాలియాకు చెందిన అల్-షబాబ్ జరిపిన దాడిలో 67 మంది బలయ్యారు. మృతుల్లో భారతీయులు, భారత సంతతి వారూ ఉన్నారు. 2019 జనవరిలో ఓ హోటల్ సముదాయంపై జరిగిన దాడిలో 21 మంది చనిపోయారు. అప్పటి నుంచి మాల్స్, హోటళ్ల ప్రవేశాల దగ్గర తనిఖీలు కట్టుదిట్టంగా ఉంటున్నాయి.

రాజకీయ ఆందోళనలనూ లెక్కలోకి తీసుకోవాలి. 2024, 2025 జూన్ నెలల్లో కెన్యా నగరాల్లో నిరసనలు హింసాత్మకంగా మారాయి. 2025 అక్టోబరు ఎన్నికల సమయంలో టాంజానియాలో ఇంటర్నెట్ ఆగిపోయింది, దార్ ఎస్ సలాంలో కర్ఫ్యూ పెట్టారు. ఎన్నికల తేదీలు చూసుకోకుండా టికెట్లు తీసుకుంటే ఇలాంటి చోట ఇరుక్కుపోయే ప్రమాదం ఉంది.

సరిహద్దు పార్కులు: ఇక్కడ లెక్క వేరు

పార్కు లోపల సేఫ్ అనే మాటకు పెద్ద మినహాయింపు ఇదే. పక్క దేశంలో యుద్ధం నడుస్తుంటే, సరిహద్దును ఆనుకుని ఉన్న అడవి టూరిస్టులకే కాదు, సాయుధ ముఠాలకూ దారే.

ఉగాండాలోని బ్విండి అడవి గొరిల్లాలకు ప్రసిద్ధి. 1999 మార్చి 1న కాంగో వైపు నుంచి వచ్చిన రువాండా హుటూ తిరుగుబాటుదారులు ఇక్కడి క్యాంపులపై దాడి చేశారు. టూరిస్టులను అడవిలోకి తీసుకెళ్లి 8 మందిని చంపేశారు. మృతుల్లో బ్రిటన్, అమెరికా, న్యూజిలాండ్ దేశస్థులు ఉన్నారు. ఆ తర్వాత గొరిల్లాలను చూడటానికి వెళ్లే ప్రతి బృందం వెంట సాయుధ భద్రత ఏర్పాటు చేశారు.

క్వీన్ ఎలిజబెత్ నేషనల్ పార్క్ కూడా కాంగో సరిహద్దులోనే ఉంది. 2019 ఏప్రిల్‌లో ఇక్కడ ఓ అమెరికన్ మహిళను, ఆమె డ్రైవర్‌ను కిడ్నాప్ చేసి 5 లక్షల డాలర్లు డిమాండ్ చేశారు. కొద్ది రోజుల తర్వాత ఇద్దరూ క్షేమంగా బయటపడ్డారు. 2023 అక్టోబరు 17న మాత్రం అలా జరగలేదు. హనీమూన్‌కు వచ్చిన ఓ జంటను, వారి ఉగాండా గైడ్‌ను ఏడీఎఫ్ అనే తిరుగుబాటు ముఠా చంపి, వాహనాన్ని తగలబెట్టింది. ఈ ముఠాకు ఐసిస్‌తో సంబంధాలున్నాయి.

ఈ దాడికి ముందే సంకేతాలు ఉన్నాయి. అదే ఏడాది జూన్‌లో ఆ పార్కు ఉన్న కసేసే జిల్లాలోని సరిహద్దు పట్టణం ఎంపోండ్వేలో, ఇదే ముఠా ఓ స్కూల్‌పై దాడి చేసి 40 మందికి పైగా ప్రాణాలు తీసింది. వారిలో ఎక్కువ మంది విద్యార్థులే. అంటే పార్కు పేరుతో పాటు ఆ జిల్లా వార్తలనూ చూడాలన్నమాట.

కాంగోలోని విరుంగా పార్కులో 2018 మేలో ఇద్దరు బ్రిటన్ టూరిస్టులను కిడ్నాప్ చేశారు. వాళ్లను కాపాడబోయిన ఓ మహిళా రేంజర్ ప్రాణాలు కోల్పోయింది. టూరిస్టులు విడుదలైనా పార్కును నెలల తరబడి మూసేయాల్సి వచ్చింది. 2025 జనవరిలో ఎం23 తిరుగుబాటుదారులు గోమా నగరాన్ని ఆక్రమించుకున్నారు. ప్రస్తుత పరిస్థితుల్లో తూర్పు కాంగో టూరిజానికి తగిన ప్రాంతం కాదు.

కెన్యాలో సమస్య సోమాలియా సరిహద్దు వైపు. 2011 సెప్టెంబరులో లాము సమీపంలోని రిసార్ట్‌లో ఓ బ్రిటన్ పౌరుడిని చంపి, భార్యను ఎత్తుకెళ్లారు. మరుసటి నెలలోనే మండా దీవి నుంచి ఓ ఫ్రెంచ్ మహిళను కిడ్నాప్ చేశారు. సరిహద్దు నుంచి 60 కిలోమీటర్ల లోపు ప్రాంతానికి వెళ్లొద్దని బ్రిటన్ హెచ్చరిస్తూ వస్తోంది. మసాయి మారా ఉన్నది మాత్రం దేశానికి ఇంకో మూల, టాంజానియా సరిహద్దులో. రెండింటి మధ్య వందల కిలోమీటర్ల దూరం.

ఏ దేశంలో ఎలా?

బోట్స్వానా: ఒకావాంగో డెల్టా క్యాంపులకు ఎక్కువగా మౌన్ పట్టణం నుంచి చిన్న విమానాల్లోనే వెళ్తారు. రోడ్డు ప్రయాణం, నగరంలో బస రెండూ తగ్గుతాయి. ఖర్చు ఎక్కువ, నేరాల రిస్క్ తక్కువ.

టాంజానియా: సెరెంగెటి, ఎన్‌గోరోంగోరోలకు కిలిమంజారో విమానాశ్రయంలో దిగితే దార్ ఎస్ సలాం వెళ్లాల్సిన పనే ఉండదు. మొజాంబిక్ సరిహద్దులోని ఎంట్వారా ప్రాంతం వైపు వెళ్లకపోవడం మంచిది.

కెన్యా: నైరోబీ నుంచి మారాకు రోడ్డు మార్గంలో 5, 6 గంటలు. విల్సన్ విమానాశ్రయం నుంచి చిన్న విమానంలో అయితే గంట లోపే.

దక్షిణాఫ్రికా: జొహానెస్‌బర్గ్ నుంచి క్రూగర్ 400 కిలోమీటర్ల పైమాటే. స్కుకూజా, హూడ్స్‌ప్రూట్‌లకు విమానాలు ఉన్నాయి. డ్రైవ్ చేయాలనుకుంటే ఉదయాన్నే బయల్దేరి, వెలుతురు ఉండగానే చేరాలి.

రువాండా: హింసాత్మక నేరాలు తక్కువ. కాంగో సరిహద్దు పరిస్థితి మాత్రం చూసుకోవాలి.

అడ్వైజరీ ఎలా చదవాలి?

అమెరికా ప్రభుత్వం దేశాలకు 1 నుంచి 4 వరకు లెవెల్స్ ఇస్తుంది. చాలామంది ఆ నంబర్ చూసి ఆగిపోతారు. అక్కడే పొరపాటు. అసలు సమాచారం కింద ఉండే ప్రాంతాల వివరాల్లో ఉంటుంది. దేశానికి లెవెల్ 2 ఉన్నా, అందులో ఓ జిల్లాకు లెవెల్ 4 ఉండొచ్చు. బ్రిటన్ అడ్వైజరీలో మ్యాప్‌లు కూడా ఉంటాయి. ఆ మ్యాప్‌పై తమ రూట్‌ను పెట్టి చూసుకుంటే సగం సందేహాలు తీరిపోతాయి.

ఇంకో కారణం కూడా ఉంది. ప్రభుత్వం వెళ్లొద్దన్న ప్రాంతానికి వెళ్తే చాలా ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీలు వర్తించవు. ఆ షరతును ముందే చదవాలి.

బుకింగ్‌కు ముందు ఏజెంట్‌ను అడగాల్సిన ప్రశ్నలు

* విమానాశ్రయంలో పికప్ ఎవరిది? డ్రైవర్ పేరు, బండి నంబర్ ముందే ఇస్తారా?
* ఏ రోజైనా చీకటి పడ్డాక రోడ్డు ప్రయాణం ఉందా?
* ఏ గేటు నుంచి పార్కులోకి వెళ్తాం?
* వాహనంలో రేడియో లేదా శాటిలైట్ ఫోన్ ఉందా?
* ఎమర్జెన్సీలో విమానంలో ఆసుపత్రికి తరలించే కవర్ ఉందా? తూర్పు ఆఫ్రికాలో ఆమ్రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ ఇలాంటి సేవ అందిస్తోంది.

మూడో రోజు రాత్రి 9 గంటలకు లాడ్జికి చేరుకుంటాం అని ప్లాన్‌లో ఉంటే, తక్కువ రేటుకు ఆశపడకుండా దాన్ని మార్చమనడమే మంచిది.

అక్కడ ఉన్నప్పుడు

బంగారం ఇంట్లోనే వదిలి వెళ్లాలి. పెళ్లికి వెళ్లినట్టు గొలుసులు, గాజులతో నగరాల్లో తిరిగితే దొంగల కళ్లు పడతాయి. పాస్‌పోర్ట్, ఎక్కువ నగదు రూమ్ సేఫ్‌లో పెట్టాలి. టెంట్లలో బయట కనిపించేలా ఫోన్లు, కెమెరాలు వదిలేయొద్దు. పార్కుల్లో టూరిస్టులకు ఎదురయ్యే నేరాల్లో ఎక్కువ భాగం ఈ చిల్లర దొంగతనాలే.

దొంగలు ఆయుధంతో ఎదురైతే ఎదిరించకూడదు. అడిగింది ఇచ్చేయాలి. చేతులు కనిపించేలా ఉంచాలి, హఠాత్తుగా జేబులో చెయ్యి పెట్టకూడదు. ఫోన్ మళ్లీ కొనుక్కోవచ్చు.

నేరాల కంటే పెద్ద ముప్పు

సఫారీలో ప్రాణాలు తీస్తున్నది తుపాకులు ఒక్కటే కాదు. 2025 జూన్‌లో ఖతార్ నుంచి కెన్యా విహారానికి వెళ్లిన భారతీయుల బస్సు బోల్తా పడి ఐదుగురు కేరళవాసులు మరణించారు. అదే ఏడాది అక్టోబరు 28న మసాయి మారాకు వెళ్తున్న చిన్న విమానం కూలి 11 మంది చనిపోయారు. 2024లో జాంబియాలో రెండు వేర్వేరు ఘటనల్లో ఏనుగుల దాడికి ఇద్దరు అమెరికన్ టూరిస్టులు బలయ్యారు. సీటు బెల్ట్ పెట్టుకోవడం, గైడ్ చెప్పే దాకా బండి దిగకపోవడం.. ఈ రెండూ ఏ సెక్యూరిటీ గార్డుకూ తీసిపోవు.

ఎమర్జెన్సీ నంబర్లు

కెన్యా: 999 లేదా 112
టాంజానియా: 112
ఉగాండా: 999
దక్షిణాఫ్రికా: పోలీస్ 10111, మొబైల్ నుంచి 112

నైరోబీ, దార్ ఎస్ సలాం, కంపాలా, ప్రిటోరియాల్లో భారత హైకమిషన్లు ఉన్నాయి. బయల్దేరే ముందు విదేశాంగ శాఖకు చెందిన మదద్ పోర్టల్‌లో వివరాలు నమోదు చేసుకోవచ్చు. హైకమిషన్ నంబర్‌ను ఫోన్‌లో సేవ్ చేసుకుని, ఓ కాగితంపై కూడా రాసి పెట్టుకోవాలి. ఫోనే పోతే అప్పుడు పనికొచ్చేది ఆ కాగితమే.